మిరిస్సాలో తిమింగలాల ఫొటోలకు 150-600 లెన్స్ కిరాయికి తేవాలా?

మీరు అడిగింది ఇదీ: ఫిబ్రవరి చివర్లో హనుమకొండ నుంచి ఇంటిల్లిపాదీ శ్రీలంక పోతున్నారు, అక్కడ దక్షిణ తీరంలోని మిరిస్సాలో ఒక పొద్దున తిమింగలాల బోటు ఎక్కుతారు. మీ దగ్గర కెనాన్ 200డీ కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్స్, ఇంకో 55-250 ఉన్నాయి (ఈ అంకెలు లెన్స్ మి.మీ.లు, పెద్దవయ్యే కొద్దీ దూరంలోది దగ్గరగా వస్తుంది). ఇంట్లోవాళ్ల దగ్గర ఫోన్ ఉంది. 150-600 కిరాయికి తేవాలా, ట్రైపాడ్ మోయాలా, షట్టర్ వేగం ఎంత పెట్టాలి, దబ్బున ఒక్కసారి బయటికొచ్చి మునిగిపోయేదాన్ని పట్టుకోవడం ఎట్లా అన్నవి మీ ప్రశ్నలు.

150-600 వద్దు. ఇది డబ్బు మిగలడానికి చెప్తున్న మాట కాదు, లెక్క చూడండి. శ్రీలంకలో బోటు తిమింగలానికి 100 మీటర్ల లోపుకు పోకూడదని రూల్. మీ 200డీ సెన్సర్ వెడల్పు 22.3 మి.మీ. అంత దూరంలో 250 దగ్గర మీ ఫ్రేములో పట్టేది అటూ ఇటూ కలిపి దాదాపు 9 మీటర్లు. నీలి తిమింగలం తోక వెడల్పు ఐదారు మీటర్లు. అంటే మీ దగ్గరున్న లెన్స్‌తోనే తోక ఫ్రేములో సగానికి పైన నిండుతుంది. అదే 600 దగ్గర ఫ్రేము వెడల్పు 3.7 మీటర్లే. తోక మొత్తం పట్టదు, పట్టినంత కూడా ఊగే బోటు మీద మీరు దాన్ని ఫ్రేములోకి తేగలిగితే. చిన్న కిటికీలోంచి సముద్రమంతా వెతికినట్టు ఉంటుంది, ఈలోపు తిమింగలం మునిగిపోతుంది. పైగా ఆ లెన్స్ బరువు దాదాపు రెండు కిలోలు. నాలుగైదు గంటలు దాన్ని చేత్తో ఎత్తి పట్టుకోవడం పెళ్లిళ్ల సీజన్లో కెమెరా మోసి అలవాటైన చేతులకు కూడా కష్టమే.

అన్నిసార్లూ 100 మీటర్లకు రావు, నిజమే. చాలాసార్లు అది 250, 300 మీటర్ల అవతల లేస్తుంది. 300 మీటర్ల దగ్గర 250తో ఫ్రేము వెడల్పు 27 మీటర్లు, తోక అందులో ఐదో వంతు. మీ కెమెరా ఫొటో అడ్డంగా 6000 పిక్సెళ్లు, తోకకు అందులో వెయ్యికి పైనే దక్కుతాయి. ఫోన్లో చూడ్డానికీ, చిన్న ప్రింటుకూ కత్తిరించి వాడుకోవచ్చు. అంతకంటే దూరంలో లేచినదానికి లెన్స్ ఎంత పెద్దదైనా లాభం తక్కువ. నీళ్ల మీద ఎండ ముదిరాక లేచే ఆవిరి, వేడిగాలి కలిసి ఫొటోను మెత్తబరుస్తాయి. కిరాయికి ఏదో ఒకటి తేవాలనే మనసుంటే 100-400 తెచ్చుకోండి, 100 దగ్గర మొదలవుతుంది కాబట్టి దగ్గరికొచ్చినప్పుడు వెనక్కి లాగొచ్చు. మన దగ్గర పెళ్లి ఫొటోగ్రాఫర్ల దగ్గర దొరికేది 70-200 ఎఫ్/2.8. అది మంచి లెన్సే గానీ ఎండలో, సముద్రం మీద ఆ 2.8కి (తక్కువ వెలుగులో పనికొచ్చే పెద్ద రంధ్రం) పని లేదు, మీ 55-250 కంటే అందేది కూడా తక్కువ.

ట్రైపాడ్ ఇంట్లో పెట్టేయండి. మోనోపాడ్ కూడా. బోటు ఇంజిన్ వణుకు చెక్కల్లోంచి కాళ్లలోకి, కాళ్ల మీదుగా లెన్స్‌లోకి ఎక్కుతుంది. అదే కారణంతో రెయిలింగ్‌కు మోచేతులు ఆనించొద్దు, అందరూ చేసే పని అదే. కాళ్లు కొంచెం ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వదులుగా ఉంచి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా పెట్టుకోండి. బోటు ఊగితే నడుము కింది భాగం ఊగాలి, భుజాలు కాదు. ఒక చేయి ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకునే వీలుండాలి కాబట్టి పట్టీ మెడలో వేసుకోండి, లైఫ్ జాకెట్ మీదుగా. జాకెట్ కింద ఇరికితే సరిగ్గా ఆ రెండు సెకన్లలోనే చిక్కుకుంటుంది.

ఇక అసలు విషయం, తిమింగలం ఎట్లా నడుచుకుంటుందనేది. సెట్టింగులన్నీ సరిగ్గా పెట్టుకుని కూడా నీళ్లు ఎగిరిన ఫొటోలతోనే తిరిగొచ్చేవాళ్లకు తెలియనిది ఇదే.

నీలి తిమింగలం లోతుకు పోయి పది, పదిహేను నిమిషాలు మేసి వస్తుంది. పైకి రాగానే ఊపిరి వదులుతుంది. నిలువుగా, సన్నగా, తొమ్మిది మీటర్ల దాకా లేచే తుంపర అది. బోటు మీద ముందు అదే కనబడుతుంది, శరీరం కాదు. ఆ మొదటి ఊపిరికే చాలామంది బటన్ నొక్కి వదలరు. వద్దు. తర్వాత పది, ఇరవై సెకన్ల తేడాతో మళ్లీ మళ్లీ ఊపిరి తీసుకుంటూ మెల్లగా ముందుకు పోతుంది. ఒక్కోసారి వీపు కొంచెమే కనబడుతుంది, నీలం బూడిద కలిసిన రంగు, మీద మచ్చలు. వీపు మీది రెక్క చిన్నది, చాలా వెనక ఉంటుంది, దాదాపు ముప్పావు వంతు పొడవు దాటాక. తల పోయి, వీపు పోయి, ఇంకా పోతూనే ఉండి, ఇక అయిపోయిందనుకున్నాక ఆ రెక్క కనిపిస్తుంది. మొదటి రెండు మూడు ఊపిర్లు చూసి అది ఎటు పోతోందో, ఎంత ఎడంతో లేస్తోందో లెక్క కట్టుకోండి. తర్వాతది ఎక్కడ లేస్తుందో లెన్స్ అక్కడ ముందే పెట్టి ఉంచండి.

లోతుకు పోయే చివరి ఊపిరి వేరుగా ఉంటుంది. వీపు మామూలు కంటే ఎత్తుగా, గుండ్రంగా వంగుతుంది, రెక్క వెనకున్న తోకమొదలు నీళ్లలోంచి పైకి తేలుతుంది. అది చూడగానే నొక్కడం మొదలుపెట్టండి. వంపు కనబడ్డాక తోక లేవడానికి రెండు, మూడు సెకన్లు. తోక గాలిలో నిలిచేది కూడా అంతే. 200డీ సెకనుకు ఐదు ఫొటోలు తీస్తుంది. రా ఫార్మాట్‌లో (కెమెరా మార్పులు చేయకుండా దాచే పెద్ద ఫైలు) పెడితే ఐదారు ఫొటోలకే బఫర్ (కార్డుకు చేరేలోపు ఫొటోలు ఆగే చోటు) నిండి కెమెరా ఆగుతుంది, అంటే వంపు మీద నొక్కితే తోక నిటారుగా నిలిచే సమయానికి కెమెరా గుడ్లప్పగించి చూస్తుంది. అందుకే ఈ ఒక్క రోజుకు జేపెగ్ ఫైన్ పెట్టుకోండి. రా లేకుండా ఉండలేనంటే వంపు మీద రెండు, ఆగి, తోక అంచు నీళ్లలోంచి విడివడ్డప్పుడు మిగతావి తీయండి. మంచి ఫొటో సాధారణంగా తోక పూర్తిగా నిలబడి, అంచుల నుంచి నీళ్లు ధారలుగా కారుతున్నప్పటిది. ఇంకా పైకి లేస్తుందేమో అని ఆగేవాళ్లకు దొరికేది మునుగుతున్న సగం తోక.

అన్ని నీలి తిమింగలాలూ తోక ఎత్తవు. చాలాచోట్ల ఎక్కువ భాగం ఎత్తకుండానే జారిపోతాయి. శ్రీలంక దగ్గరివి మాత్రం తరచుగానే ఎత్తుతాయి, అది మీకు కలిసొచ్చే విషయం. తోక అందం కూడా మీరు ఎక్కడున్నారనే దాన్ని బట్టే. సరిగ్గా వెనక నుంచి చూస్తే రెండు రెక్కలూ విచ్చుకుని కనబడతాయి. పక్క నుంచి చూస్తే కర్రలాగా ఒక గీతే. ఎదురు నుంచి వెళ్లిన బోటుకు తోకే దొరకదు, తల కాస్త, తుంపర కాస్త, అంతే.

మునిగాక ఆ చోట నీళ్లు నునుపుగా, నూనె పోసినట్టు గుండ్రంగా మిగులుతాయి. తోక ఊపుకు పైకి లేచిన నీటి మడుగు అది. ఇక్కడ అది పది నిమిషాల దాకా లేవదు. ఈ సమయంలో నీళ్లు తాగండి, కార్డు మార్చండి, లెన్స్ తుడవండి. కళ్లు మాత్రం దూరంగా పెట్టండి, ఒక కంటితో వ్యూఫైండర్లోంచి వెతకొద్దు. సిబ్బంది గడియారం లెక్కలో అరుస్తారు, బోటు ముక్కు 12 అనుకుంటే కుడిచేతి వైపు 3. అది ముందే ఇంట్లోవాళ్లందరికీ చెప్పి పెట్టండి, లేకపోతే "ఎటు? ఎటు?" అనేలోపే అయిపోతుంది.

వేరే రకాలు కూడా కనబడొచ్చు. తుంపర నిలువుగా కాకుండా ముందుకు, ఎడమవైపుకు ఏటవాలుగా పొట్టిగా లేస్తే అది స్పెర్మ్ తిమింగలం. దాని ముక్కు రంధ్రం తల ముందుభాగంలో ఎడమ పక్కకు ఉంటుంది. పైకొచ్చి దుంగలాగా ఎనిమిది, పది నిమిషాలు కదలకుండా ఊపిరి తీసుకుంటుంది, మీకు బోలెడు సమయం. లోతుకు మునిగేటప్పుడు తోక దాదాపు తప్పకుండా ఎత్తుతుంది. కానీ ఒకసారి మునిగితే ముప్పావుగంట, గంట కూడా రాదు. బ్రూడస్ తిమింగలం చిన్నది, తల మీద మూడు గీతలుంటాయి, మామూలుగా తోక ఎత్తదు. దాని కోసం తోక ఫొటో అని కాచుకుని కూర్చోవద్దు. స్పిన్నర్ డాల్ఫిన్లు గుంపుగా బోటు ముందుకొచ్చి గాలిలో గిర్రున తిరుగుతాయి, అప్పుడు లెన్స్‌ను 55 వైపు లాగి, షట్టర్ 1/2000 సెకను చేయండి.

సెట్టింగులు. డయల్ టీవీ మీద (షట్టర్ వేగం మనం పెట్టి మిగతాది కెమెరాకు వదిలే పద్ధతి) పెట్టి షట్టర్ 1/1600, ఐఎస్‌ఓ (వెలుగుకు సెన్సర్ స్పందన, పెరిగితే ఫొటోలో గింజలు) ఆటో, గరిష్ఠం 3200. ఈ బాడీలో మాన్యువల్ మోడ్‌తో కుస్తీ పడడం కంటే ఇదే మేలు. వెలుగు తగ్గినా పెరిగినా షట్టర్ కదలదు, కదలకూడనిది అదొక్కటే. ఎండ బాగా ఎక్కాక ఎఫ్/5.6, 1/1600 దగ్గర ఐఎస్‌ఓ 200 సరిపోతుంది. పొద్దుగాల ఏడింటికి 800, మబ్బుంటే 1600 దాకా పోతుంది, భయపడొద్దు. గింజలు పడ్డ ఫొటోను సరిచేయొచ్చు, ఊగిన ఫొటోను ఏ సాఫ్ట్‌వేరూ సరిచేయదు. పెళ్లి ఫొటోల అలవాటుతో 1/160, 1/250 దగ్గర ఉంచేవాళ్లు ఉంటారు. తిమింగలం మెల్లగానే కదులుతుంది కదా అనిపిస్తుంది, నిజమే. కానీ కదులుతున్నది మీరు. లెన్స్‌లోని స్టెబిలైజర్ చేతి వణుకును ఆపుతుంది గానీ బోటు ఎత్తిపడేసేదాన్ని ఆపలేదు. దాన్ని ఆన్‌లో ఉంచినా నష్టం లేదు, దాని మీద నమ్మకం మాత్రం పెట్టుకోవద్దు.

ఫోకస్ దగ్గరే ఎక్కువ మంది మోసపోతారు. ఏఐ ఫోకస్ అని ఒకటి ఉంటుంది, అది వద్దు, కదిలేదాన్ని వదలకుండా ఫోకస్ చేసే ఏఐ సర్వో పెట్టండి. మీ కెమెరాలో తొమ్మిది ఫోకస్ పాయింట్లున్నాయి, నడిమిదే గట్టిది, అదొక్కటే ఉంచండి. తొమ్మిదీ వదిలితే కెమెరా దగ్గరున్న అలను పట్టుకుంటుంది. ఖాళీ నీళ్ల మీద పాయింట్ పెడితే పట్టుకోవడానికి గీత దొరక్క లెన్స్ ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతూ ఉంటుంది, ఆ తిరుగుడు అయ్యేసరికి తోక మునుగుతుంది. దీనికి మందు ముందే ఫోకస్ చేసి పెట్టుకోవడం. తిమింగలం లేచేచోటుకు ఇంచుమించు అంతే దూరంలో ఇంకో బోటు ఉంటుంది, ఫిబ్రవరిలో మిరిస్సాలో ఆ కొరత ఉండదు. దాని అంచు మీద ఫోకస్ చేసి ఉంచితే, తిమింగలం లేచినప్పుడు లెన్స్ కొంచెమే సర్దుకోవాలి. ఇంకో మంచి పద్ధతి: ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తీసి వెనకున్న నక్షత్రం బటన్‌కు మార్చడం, కస్టమ్ ఫంక్షన్లలో ఉంటుంది. బొటనవేలు వదిలేస్తే ఫోకస్ అక్కడే ఆగుతుంది. తుంపర మీద కాకుండా వీపు మీద పట్టాక వేలు తీసేసి తోక దాకా కొట్టుకుంటూ పోవచ్చు. ఇది చేతికి అలవాటు కావడానికి వారం పది రోజులు పడుతుంది. బయలుదేరే ముందు రోజు మార్చుకుంటే బోటు మీద వేలు తడబడుతుంది, అప్పుడు పాత పద్ధతే నయం.

అలవాటుకు సముద్రం అక్కర్లేదు, చెరువు చాలు. వడ్డేపల్లి చెరువో భద్రకాళి చెరువో పొద్దున్నే కట్ట మీదికి పోండి. నీటికాకి మునిగి పదిహేను, ఇరవై సెకన్ల తర్వాత ఇంకోచోట తల ఎత్తుతుంది. అది ఎటు ముఖం పెట్టి మునిగిందో చూసి, లేచేచోటుకు లెన్స్ ముందే తిప్పి పెట్టడం, ఖాళీ నీళ్ల మీద ఫోకస్ పరుగెత్తకుండా బొటనవేలు ఆపుకోవడం, రెండూ దాని మీదే వచ్చేస్తాయి. తిమింగలం కంటే నీటికాకి కష్టం, దాన్ని పట్టగలిగితే అక్కడ తేలిక. వెలుగుకు మాత్రం బర్రెలను మించింది లేదు. చెరువులో పడుకున్న బర్రె తడి నల్లవీపు, చుట్టూ తళతళలాడే నీళ్లు. సూర్యుడు మీ వెనక ఉన్నప్పుడు ఒకటి, ఎదురుగా ఉన్నప్పుడు ఒకటి తీసి స్క్రీన్ మీద చూడండి. ఎదురెండలో కెమెరా నీళ్ల మెరుపు చూసి బెదిరి అంతా చీకటి చేస్తుంది, బర్రె నల్లముద్ద అవుతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగ్) ప్లస్ 2/3 నుంచి ప్లస్ 1 పెట్టాలి. సూర్యుడు వెనక ఉంటే సున్నా, లేదా నీటి తుంపర తెల్లగా మాడకుండా మైనస్ 1/3. సముద్రం మీదా ఇవే అంకెలు పనికొస్తాయి. ఒక ఆదివారం లక్నవరం పోయి అక్కడి బోటెక్కి ఒడ్డున చెట్లనూ పక్షులనూ ఒకసారి 1/250, ఒకసారి 1/1600తో తీసి ఇంటికొచ్చి పెద్దది చేసి చూసుకుంటే షట్టర్ గురించి ఇక ఎవరినీ అడగరు. అడ్డంగా ఉండాల్సిన నీటిగీత ఎన్ని ఫొటోల్లో ఒరిగిపోయిందో కూడా అప్పుడే తెలుస్తుంది.

వెలుగు దిక్కు సంగతి బోటెక్కే ముందే ఆలోచించుకోవాలి. మిరిస్సా హార్బర్ నుంచి బోట్లు ఆరున్నర ప్రాంతంలో బయలుదేరి దక్షిణానికి పోతాయి, సూర్యుడు ఎడమచేతి వైపు. కాబట్టి పోయేటప్పుడు కుడివైపు లేచినవాటి మీద వెలుగు నిండుగా పడుతుంది, రంగు దొరుకుతుంది. తిరిగి వచ్చేటప్పుడు తారుమారు. ఎదురెండ ఫొటోలు పనికిరావని కాదు. తుంపరలోంచి వెలుగు దూరినప్పుడు అది వెండిలా మెరుస్తుంది, తోక నల్లగా, అంచున నీటిధారలు మాత్రం వెలుగుతూ ఉంటాయి. తోక ఆకారం ముఖ్యమైనప్పుడు ఎదురెండ, చర్మం మీది మచ్చలు కావాలంటే వెనకెండ. నీళ్ల మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ కొందరు తప్పనిసరి అంటారు. నా లెక్కలో కాదు. ఒకటిన్నర, రెండు స్టాపుల వెలుగు తినేస్తుంది (ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది), బోటు తిరిగినప్పుడల్లా దాన్ని మళ్లీ తిప్పుకోవాలి. ఒక్క సందర్భంలో మాత్రం దాని పని వేరు. పది దాటి సూర్యుడు పైకెక్కాక, తిమింగలం బోటు పక్కనే నీళ్ల కింద పోతుంటే, మెరుపు పోయి లోపల లేత నీలి ఆకుపచ్చ రంగులో దాని ఒళ్లు మొత్తం కనబడుతుంది. జేబులో ఉంచుకోండి, లెన్స్‌కు బిగించి ఉంచొద్దు.

బోటు ఎంచుకోవడం లెన్స్ ఎంచుకోవడం కంటే పెద్ద విషయం. తక్కువ ధర చూసి ఎక్కితే వందమందితో ఒకే వైపుకు తోసుకోవాల్సి వస్తుంది. బుక్ చేసేటప్పుడు రెండు అడగండి: మొత్తం ఎంతమందిని ఎక్కిస్తారు, తిమింగలం కనబడ్డాక బోటు ఎట్లా నడుపుతారు. "దగ్గరికి పోతాం, గ్యారంటీ" అన్నవాళ్లను వదిలేయండి. మంచి నడిపేవాడు పక్కగా, సమాంతరంగా, వేగం తగ్గించి పోయి, దూరంలో ఇంజిన్‌ను న్యూట్రల్ చేసి ఆగుతాడు. తరిమితే అది తొందరగా మునుగుతుంది, ఎక్కువ ఊపిర్లు పైన తీసుకోదు, మీకు తోక కూడా దక్కదు. "అన్నా, ఇంకొంచెం దగ్గరికి" అని బోటు మీద ఎవరైనా అరుస్తుంటే మీరు కలవొద్దు. బోటులో కింది అంతస్తు నుంచి తీస్తే తోక ఆకాశం మీదికి లేచినట్టు వస్తుంది, పైఅంతస్తు నుంచి తీస్తే వెనకంతా నీళ్లే. వెతకడానికి పైన, తీయడానికి కింద. కానీ ముక్కు దగ్గర ఉప్పునీళ్లు చిమ్ముతాయి, ఊపు కూడా ఎక్కువ.

ఊపు అంటే కడుపులో తిప్పడం గురించి చెప్పాలి, మనం సముద్రం ఎరగని ప్రాంతం వాళ్లం. వాంతులయ్యేవాళ్లు ఫొటోలు తీయలేరు. ఎవోమిన్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లు బోటెక్కాక వేసుకుంటే లాభం లేదు, గంట రెండు గంటల ముందే వేసుకోవాలి, మత్తుగా ఉంటుంది. పిల్లలకూ, బీపీ, గ్లకోమా లాంటివి ఉన్న పెద్దవాళ్లకూ డాక్టర్‌ను అడగకుండా ఇవ్వొద్దు. ఖాళీ కడుపు తప్పు, పూరీ కూర ఇంకా తప్పు. రెండు ఇడ్లీలో, బ్రెడ్డో, అరటిపండో చాలు. బోటు మధ్యలో, వెనకగా, కింది అంతస్తులో ఊపు తక్కువ, పెద్దవాళ్లను అక్కడ కూర్చోబెట్టండి. కెమెరావాళ్లకు ముఖ్యమైనది ఇంకోటి: తీసిన ప్రతి ఫొటో తల దించి స్క్రీన్ మీద చూడడం. పది నిమిషాలు అట్లా చూస్తే గట్టి కడుపు కూడా తిరుగుతుంది. ఒకసారి ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉందో లేదో చూసి, తర్వాత కళ్లు దూరాన ఆకాశం, నీళ్లు కలిసే గీత మీదే ఉంచండి.

ఫోన్‌తో ఆశలు తగ్గించుకోవాలి. జూమ్ చేయకుండా తీస్తే 100 మీటర్ల దూరంలో ఫోన్ ఫ్రేములో 150 మీటర్ల వెడల్పు పడుతుంది, ఆరు మీటర్ల తోక అందులో ఇరవై ఐదో వంతు. ఫొటోలు మానేసి వీడియో తీయమనండి. ఫోన్‌కు నిజమైన టెలి లెన్స్ ఉంటే దాంతో, లేకపోతే 2ఎక్స్ దాటకుండా, 4కే, సెకనుకు 60 ఫ్రేములు, ఫోన్ అడ్డంగా పట్టుకుని. తుంపర లేచినప్పుడు వచ్చే ఊపిరి శబ్దం, బోటు మీద జనం ఒక్కసారిగా అనే "హా", ఇవి మీ ఫొటోలకు దొరకవు, ఫోన్ వీడియోకే దొరుకుతాయి. ఫోన్‌ను మెడలో వేలాడే కవర్లో పెట్టండి. రెయిలింగ్ అవతలికి చేయి చాపినవాళ్ల ఫోన్లు సముద్రంలోనే ఉన్నాయి.

సామాను కాపాడుకోవడం రెండు ముక్కలు. హోటల్ ఏసీ గదిలోంచి చల్లటి కెమెరాను తెల్లారి సముద్రపు గాలిలోకి తీస్తే లెన్స్ మీద క్షణంలో ఆవిరి కమ్ముతుంది, లోపలి అద్దాల మీద కూడా. రాత్రి బ్యాగును ఏసీ తగలని బాత్రూమ్‌లోనో వరండాలోనో ఉంచండి, లేదా బ్యాగు జిప్పు తీయకుండా అరగంట బయట వేడికి అలవాటు పడనివ్వండి. ఉప్పునీళ్లు పడితే పొడి గుడ్డతో రుద్దొద్దు, ఆరిన ఉప్పు గరుకు కాగితంలా గీస్తుంది. మంచినీళ్లతో తడిపి పిండిన గుడ్డతో ముందు అద్ది, తర్వాత పొడి గుడ్డ. లెన్స్ ముందు ఒక యూవీ ఫిల్టర్, దాని మీద హుడ్. కెమెరా బాడీకి చివర కోసిన పెద్ద ప్లాస్టిక్ కవరూ రబ్బరుబ్యాండూ చాలు. బోటు మీద లెన్స్ మార్చొద్దు, 18-55 బ్యాగులోనే ఉండనివ్వండి. హార్బర్‌కు తిరిగొచ్చాక బాడీ, లెన్స్, పట్టీ బకిల్ దాకా తడిగుడ్డతో తుడిచి గదిలో ఆరబెట్టండి.

తోక ఒక్కటే ఫొటో కాదు. మిరిస్సా దగ్గర సముద్రం తీరానికి కొంచెం దూరంలోనే ఒక్కసారిగా లోతవుతుంది, తిమింగలాలు ఒడ్డుకు దగ్గరగా ఉండేది అందుకే. ప్రపంచంలో బాగా రద్దీగా ఉండే ఓడల దారుల్లో ఒకటి అదే చోటు మీదుగా పోతుంది, ఓడలు తిమింగలాలను గుద్దే ప్రమాదం ఉంది. 2022లో ఎంఎస్‌సీ అనే పెద్ద ఓడల కంపెనీ తన ఓడలను ఇంకొంచెం దక్షిణంగా మళ్లించింది కూడా. వెనకాల కంటైనర్ ఓడ, ముందు తిమింగలం తుంపర, 250 దగ్గర రెండూ ఒకదాని మీద ఒకటి అతుక్కున్నట్టు వస్తాయి. ఆ చోటు కథంతా ఆ ఒక్క ఫ్రేములో ఉంటుంది. నీళ్ల మీద ఎర్రటి మరక తేలుతుంటే తీయండి, అది తిమింగలం పేడ. 2003లో శ్రీలంక శాస్త్రవేత్త ఆశా డి వోస్ అలాంటి మరకను చూసే ఇవి ఇక్కడ మేస్తున్నాయని పసిగట్టారు.

వీపు రెక్క పక్క నుంచి స్పష్టంగా వచ్చిన ఫొటోలను తోక లేదని చెరిపేయొద్దు. నీలి తిమింగలాలను ఒకదాన్నుంచి ఒకటి గుర్తుపట్టేది ఆ రెక్క ఆకారం, దాని చుట్టూ ఉన్న మచ్చలతోనే. కుడి, ఎడమ రెండు పక్కలూ వేరుగా ఉంటాయి, రెండూ దొరికితే ఇంకా మంచిది. హ్యాపీవేల్ అనే సైటులో తేదీ, చోటుతో పెడితే అదే తిమింగలం ఇంతకుముందు ఎక్కడ కనబడిందో తెలిసే అవకాశం ఉంటుంది. శ్రీలంక సమయమూ మన సమయమూ ఒకటే, కెమెరా గడియారం మార్చాల్సిన పని లేదు, నిమిషాలతో సహా సరిగ్గా ఉందో లేదో మాత్రం ఇంటి దగ్గరే చూసుకోండి.

నెల గురించి కూడా రాశారు. దక్షిణ తీరానికి నవంబర్ నుంచి ఏప్రిల్ దాకానే. మే నుంచి నైరుతి గాలులకు అక్కడ సముద్రం ఎగిసిపడుతుంది. ఫిబ్రవరి చివర సరైన సమయమే. మిరిస్సాలో ఒక్క పొద్దునే కాకుండా ఇంకో పొద్దున ఖాళీగా పెట్టుకోండి. గాలి ఎక్కువైతే బోట్లు ఆపేస్తారు, కొన్ని రోజులు బోటు పోయినా ఒక్కటీ కనబడదు.

డ్రోన్ గురించి అడగలేదు గానీ అడిగేవాళ్లుంటారు. శ్రీలంకలో పౌర విమానయాన సంస్థ అనుమతి లేకుండా ఎగరేయకూడదు, ఊగే బోటు మీద దించడం ఇంకో కథ. తీసుకెళ్లకండి.